జీలుగు చెట్టు నష్టాన్ని నివేదికలో ఎలా రాయాలి?

నమస్కారం. నేను మానవశాస్త్రంలో ఎం.ఏ. చదువుతూ, పోలవరం ముంపు గ్రామాల నుంచి తరలివచ్చిన కొండరెడ్డి గిరిజనుల పునరావాస కాలనీ ఒకదానిలో మూడు నెలలుగా క్షేత్రపరిశీలన చేస్తున్నాను. నా నివేదిక పరీక్షకే పరిమితం కాకుండా అధికారులకు కూడా పనికిరావాలని నా కోరిక; చిక్కంతా అక్కడే వచ్చింది.

మొన్న ఒక అవ్వ సిమెంటు అరుగు మీద కూర్చుని, పాత ఊళ్లో ఏ జీలుగు చెట్టు (కల్లు ఇచ్చే తాటిజాతి చెట్టు) ఎవరిదో, ఏ చెట్టు కల్లు ఏయే ఇళ్లవాళ్లు కలిసి తాగేవారో వేళ్లు మడుస్తూ చెప్పింది. ఆ చెట్ల కింద తీరిన తగవులు, కుదిరిన పెళ్లిళ్లు పరిహారం జాబితాలో ఏ గడిలోనూ ఇమడవు. వాటిని రూపాయల్లోకి మారిస్తే అసలు విషయమే జారిపోతుంది. మార్చకపోతే ఆ పేజీని ఎవరూ చదవరని మా గైడు హెచ్చరించారు.

1940లో కొమురం భీం మరణించాక, నిజాం ప్రభుత్వం కోరగా ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పరిశీలనలు భూమి పట్టాలకూ, మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకూ దారితీశాయి. (ఆయనకు సర్కారు అండ ఉంది, నాకున్నది ఒక నోటుపుస్తకం.)

పునరావాసంపై నివేదికలు రాసిన అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి: ఇటువంటి నష్టాన్ని అధికారులు పక్కన పెట్టలేని విధంగా మీరు ఏ రూపంలో నమోదు చేశారు? అవ్వ చెప్పిన చెట్లను పటంగా గీసి జతచేయాలంటే ఆమె అనుమతి ఒక్కటే సరిపోతుందా, ఊరందరినీ కూర్చోబెట్టి అడగాలా?