అప్‌డేట్: ఎస్‌క్యూఎల్ సర్వర్ కొనలేదు, పోస్ట్‌గ్రెస్‌కి మారిపోయాం

మా మందుల హోల్‌సేల్ షాపు బిల్లింగ్ డేటాబేస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత ఎడిషన్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్‌లో 10 జీబీ పరిమితికి దగ్గరపడింది, డబ్బులు పెట్టి స్టాండర్డ్ ఎడిషన్ కొనాలా అని పోయిన నెల అడిగాను కదా. కొనలేదు. డెవలపర్ ఎడిషన్ ఉచితమే కానీ అసలు వ్యాపారానికి వాడకూడదని మీలో ఒకరు చెప్పి మంచి పని చేశారు, నేను అదే పెట్టేయబోయాను!

ఉచితంగా దొరికే వేరే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌కి డేటా తేలిగ్గానే వచ్చింది. ఏడిపించింది వెతుకులాటే. పాతదాంట్లో ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టినా పెద్ద అక్షరాల్లో ఉన్న మందు పేరు దొరికేది, ఇక్కడ దొరకలేదు. కౌంటర్ కుర్రాడు "అన్నా, స్టాకంతా పోయింది" అని ఫోన్ చేస్తే ఒకటే టెన్షన్. క్వెరీల్లో (డేటా వెతికే ఆదేశాల్లో) లైక్ ఉన్నచోటల్లా, చిన్నా పెద్దా అక్షరాల తేడా చూడని ఐలైక్ పెట్టాక సర్దుకుంది. రాత్రి బ్యాకప్‌ని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి తగిలించాను. డేటాబేస్ తెరిచి చూసుకోడానికి డీబీవర్ అనే టూల్ ఉచిత ఎడిషన్ సరిపోతోంది. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రామ్‌లు) ఇంకా 6 తిరగరాయాలి.