టాలరా, మోర్ టాలా, మోర్ టాలరా? మస్ట్ నాట్ అంటే ‘అక్కర్లేదు’ అనా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇంట్లోనే కూర్చుని ఇంగ్లీషు గ్రామర్ సాధన చేస్తున్నాను. టెన్సులు ఒక దారికొచ్చాయి. ఇప్పుడు రెండు చోట్ల బండి ఆగిపోయింది.

మొదటిది కంపారిటివ్స్, అంటే రెండింటిని పోల్చి చెప్పే రూపాలు. రూల్ చదివితే అర్థమవుతుంది, ఖాళీలు పూరించమంటే పదికి తొమ్మిది కరెక్టు చేస్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం ‘షి ఈజ్ టాల్ దాన్ మి’ అనో, ‘మోర్ టాలర్’ అనో వచ్చేస్తోంది. రెండోది మోడల్ వెర్బ్స్, అంటే అసలు క్రియకి ముందు వచ్చి ‘చెయ్యొచ్చు’, ‘చెయ్యాలి’ లాంటి అర్థాలిచ్చే మాటలు. కెన్, మే, మైట్ మూడింటి పక్కనా నోట్సులో ‘వచ్చు’ అని రాసుకున్నాను. మస్ట్, షుడ్, హావ్ టు మూడింటి పక్కనా ‘ఆలి’ (‘రావాలి’ చివర వచ్చేది) అని రాసుకున్నాను. మరి తేడా ఏమిటి?

మొన్న మా పై ఆఫీసరు గారికి ‘సర్, యూ మస్ట్ నాట్ కమ్ టుమారో’ అని మెసేజ్ పెట్టాను. పని అయిపోయింది, రేపు మీరు రానక్కర్లేదు అని నా ఉద్దేశం. రెండు నిమిషాల్లో ఫోన్ చేసి ‘ఏమ్మా, నేనెందుకు రాకూడదు?’ అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఎక్కడ తప్పు జరిగిందో దయచేసి వివరంగా చెప్పండి.

ఇంగ్లీషు టీచర్:
మీరు బాగా అడిగారమ్మా. పాతికేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ఈ రెండు చోట్లా ఆగని విద్యార్థిని నేను చూడలేదు. కారణం మన తెలుగు వాక్యం తీరులోనే ఉంది. అది తెలిస్తే సగం పని అయిపోతుంది.

ముందు పోలిక సంగతి. ‘అక్క పొడుగు.’ ‘నా కంటే అక్క పొడుగు.’ ఈ రెండు వాక్యాల్లో ‘పొడుగు’ అనే మాట ఏమైనా మారిందా? లేదు కదా. పోలిక బరువంతా ‘కంటే’ ఒక్కటే మోస్తోంది. ఇంగ్లీషులో ‘కంటే’ స్థానంలో దాన్ వచ్చినా సరిపోదు, విశేషణం కూడా రూపం మార్చుకోవాలి. టాల్ టాలర్ కావాలి. విశేషణాన్ని కదిలించే అలవాటు మనకు లేదు కనుక ‘టాల్ దాన్’ అని వచ్చేస్తుంది. ఎవరైనా తప్పని చెప్పగానే గాభరా పడి ముందు మోర్ ఒకటీ, చివర ఈఆర్ (e, r అక్షరాలు) ఒకటీ రెండూ తగిలిస్తాం. నాలుగొందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషులో అలా రెండూ కలిపి రాసేవాళ్ళు కూడా. ఇప్పటి ప్రామాణిక ఇంగ్లీషులో అది తప్పు. పోలిక గుర్తు ఒక్కటే ఉండాలి.

మరి ఏది ఎక్కడ? అక్షరాల సంఖ్యతో పనిలేదు, సిలబుల్స్ లెక్క, అంటే మాటని ఎన్ని ముక్కలుగా పలుకుతామో ఆ లెక్క చూడాలి. గడ్డం కింద అరచెయ్యి ఆనించి మాట పలకండి. గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్ అని సుమారుగా లెక్క. ఇక్కడే మనవాళ్ళకి ఒక చిక్కుంది. మాట చివర అచ్చు చేర్చి పలకడం మనకు అలవాటు. ‘లాంగు’ అన్నారంటే గడ్డం రెండుసార్లు దిగుతుంది, లెక్క తప్పుతుంది. చివర పొల్లుగా ‘లాంగ్’ అనండి, ఒక్కసారే దిగుతుంది.

ఒక్క సిలబుల్ ఉంటే ఈఆర్: లాంగర్, చీపర్, స్ట్రాంగర్. రెండు సిలబుల్స్ ఉండి చివర వై ఉంటే ఆ వై స్థానంలో ఐ వచ్చి ఈఆర్ చేరుతుంది: ఈజియర్, హెవియర్, బిజియర్. మూడు, అంతకు మించి ఉంటే మోర్: మోర్ డిఫికల్ట్, మోర్ ఇంపార్టెంట్, మోర్ ఎక్స్‌పెన్సివ్. రెండు సిలబుల్స్‌లో మిగిలినవాటికి ఎక్కువగా మోరే వస్తుంది, మోర్ కేర్‌ఫుల్, మోర్ మోడర్న్ లాగా. నారో, సింపుల్, క్లెవర్ లాంటివి మాత్రం నారోవర్, సింప్లర్, క్లెవరర్ అని కూడా అవుతాయి. టైర్డ్, బోర్డ్ ఒక్క సిలబుల్‌వే అయినా ఈఆర్ తీసుకోవు, మోర్ టైర్డ్ అనాలి. ఇక గుడ్‌కి బెటర్, బ్యాడ్‌కి వర్స్, ఫార్‌కి ఫర్దర్ లేదా ఫార్దర్, లిటిల్‌కి లెస్. ఇవి నోటికి రావాల్సిందే, అడ్డదారి లేదు. బెటర్‌లో పోలిక ముందే ఉంది కాబట్టి ‘మోర్ బెటర్’ అనకూడదు.

ఇంకో చిన్న మాట. ‘నా కంటే అక్క చాలా పొడుగు’ అన్నప్పుడు ‘చాలా’ చూసి వెరీ వాడతాం. ‘వెరీ టాలర్’ అనరు. ‘మచ్ టాలర్’ అనాలి. కొంచెమే తేడా ఉంటే ‘ఎ లిటిల్ టాలర్’ లేదా ‘ఎ బిట్ టాలర్’.

మోడల్స్ గురించి సాయంత్రం రాస్తాను.

పోటీ పరీక్షల అభ్యర్థి:
సర్, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సీనియర్ తర్వాత దాన్ పెడితే ప్రాక్టీస్ టెస్టులో మార్కు పోయింది. అది కూడా పోలికే కదా?

ఇంగ్లీషు టీచర్:
పోలికే బాబూ. కానీ సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ ఈ నాలుగూ లాటిన్‌లో కంపారిటివ్ రూపాలు. అక్కణ్ణుంచి అలాగే ఇంగ్లీషులోకి వచ్చాయి. వీటి తర్వాత దాన్ రాదు, టు వస్తుంది. ‘హి ఈజ్ సీనియర్ టు మి.’ ప్రిఫర్ విశేషణం కాదు, క్రియ. అయినా దాని తర్వాత కూడా టు: ‘ఐ ప్రిఫర్ రీడింగ్ టు రైటింగ్.’ పరీక్షల్లో వీటి మీద ప్రశ్న ఇవ్వడం మామూలే.

ఇంకో సభ్యురాలు:
నేను అనువాదాలు చేస్తుంటానండీ. సర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ‘ఎంత చదివితే అంత తేలిక’ అంటాం కదా, దీన్ని ఇంగ్లీషులో పెట్టమంటే చాలామంది హౌ మచ్ అని మొదలుపెడతారు. ఇంగ్లీషులో దీనికీ కంపారిటివ్ కావాలి, అదీ రెండుసార్లు, రెండింటి ముందూ ‘ది’ పెట్టి: ‘ది మోర్ యూ రీడ్, ది ఈజియర్ ఇట్ గెట్స్.’ మన ‘ఎంత, అంత’ జోడీ ఎక్కడ కనిపించినా ఈ అచ్చులో పోసి చూడండి.

ఇంగ్లీషు టీచర్:
మంచి ఉదాహరణ ఇచ్చారమ్మా. ఇప్పుడు మోడల్స్.

పోలిక దగ్గర తెలుగు అలవాటు అడ్డొచ్చింది కదా, ఇక్కడ అదే తెలుగు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. మీ నోట్సులో ‘ఆలి’ అని రాసుకున్న పేజీ తెరవండి. ఏ వాక్యం దగ్గరైనా సందేహం వస్తే దాన్ని ముందు తెలుగులో ‘కాదు’ అనిపించండి. ‘రావాలి’ ఒక్కటే. కాదనేసరికి అది రెండుగా చీలుతుంది: ‘రాకూడదు’, ‘రానక్కర్లేదు.’ ఒకటి నిషేధం, రెండోది వెసులుబాటు. ‘కూడదు’ వస్తే మస్ట్ నాట్, లేదా మెత్తగా సలహాలా చెప్పాలంటే షుడ్ నాట్. ‘అక్కర్లేదు’ వస్తే డోంట్ హావ్ టు, లేదా నీడ్ నాట్. మస్ట్ అంటే ‘ఆలి’ కనుక, నాట్ చేరిస్తే ‘అక్కర్లేదు’ అవుతుందని మీరు అనుకున్నారు. ఇంగ్లీషులో అక్కడ నాట్ పోయి పని మీద పడుతుంది: రాకుండా ఉండి తీరాలి అని అర్థం. అందుకే ఆఫీసరు గారు ఉలిక్కిపడ్డారు. ‘సర్, యూ డోంట్ హావ్ టు కమ్ టుమారో’ అని రాసి ఉంటే సరిపోయేది.

‘ఆలి’ అవునన్నప్పుడు కూడా మూడు రంగులుంటాయి. చెప్పేవాడే గట్టిగా పట్టుబడితే మస్ట్. ఆ ఒత్తిడి బయటి నియమం వల్లో, పరిస్థితి వల్లో వస్తే హావ్ టు. చేస్తే మంచిదని చెప్పడానికి షుడ్. మస్ట్‌కీ హావ్ టుకీ మధ్య గీత మాటల్లో చాలాసార్లు చెరిగిపోతుంది, దాని గురించి బెంగపడకండి. షుడ్ చెప్పాల్సిన చోట మస్ట్ చెప్పారంటే మాత్రం సలహా కాస్తా ఆజ్ఞ అయిపోతుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

‘వచ్చు’కి మూడు పనులున్నాయి. ‘నాకు ఈత వచ్చు’ అన్నది సామర్థ్యం, కెన్. ‘మీరు లోపలికి రావచ్చు’ అన్నది అనుమతి, కెన్ లేదా మే. ‘రేపు వాన రావచ్చు’ అన్నది ఊహ, మే లేదా మైట్. ఈ మూడోచోట కెన్ కుదరదు, ‘ఇట్ కెన్ రెయిన్ టుమారో’ అనరు. వాక్యానికి ముందు ‘ఏమో’ పెట్టి చూడండి. ‘ఏమో, వాన రావచ్చు’ అతుకుతుంది, అంటే మే, మైట్. ‘ఏమో, నాకు ఈత వచ్చు’ అతకదు, అంటే కెన్.

పోటీ పరీక్షల అభ్యర్థి:
అనుమతికి మే ఒక్కటే కరెక్టు, కెన్ తప్పు అని మా స్కూల్లో చెప్పారు సర్.

ఇంగ్లీషు టీచర్:
మే కొంచెం లాంఛనంగా, మర్యాదగా ఉంటుంది, ఆ మాట నిజం. కెన్ తప్పు మాత్రం కాదు, రోజువారీ మాటల్లో అదే ఎక్కువ వినిపిస్తుంది. పరీక్షలో ‘ఫార్మల్’ అని ఉంటే మే రాయి.

ఇంకో సభ్యురాలు:
సర్, జరిగిపోయిన వాటి గురించి కూడా రాయండి. నాకు అనువాదంలో ఎక్కువ తిప్పలు పెట్టేది అదే. ‘వెళ్ళాల్సి వచ్చింది’, ‘వెళ్ళాల్సింది’ ఈ రెండింటినీ ఒకేలా రాసేవాళ్ళని చూశాను.

ఇంగ్లీషు టీచర్:
అదే చెప్పబోతున్నానమ్మా, నాకు బాగా ఇష్టమైన చోటు ఇది. ‘వెళ్ళాల్సి వచ్చింది’ అంటే వెళ్ళాడు, ఇష్టం లేకపోయినా వెళ్ళాడు: హి హాడ్ టు గో. ‘వెళ్ళాల్సింది’ అంటే వెళ్ళలేదు, అయ్యో అనిపిస్తోంది: హి షుడ్ హావ్ గాన్. చిన్న తేడాతో కథే తిరగబడుతుంది. తెలుగులో ఈ రెండూ మనం ఎన్నడూ తారుమారు చెయ్యం. ఆ చెవినే ఇంగ్లీషుకీ వాడుకోండి.

ఊహల్లోనూ అంతే. ‘వెళ్ళి ఉంటాడు’ అని నమ్మకంగా అంటే మస్ట్ హావ్ గాన్. ‘వెళ్ళి ఉండొచ్చు’ అంటే మే హావ్ లేదా మైట్ హావ్ గాన్. ‘వెళ్ళి ఉండడు’ అని అంతే నమ్మకంగా కాదంటే కాంట్ హావ్ గాన్. చూశారా, నమ్మకంతో అవునంటే మస్ట్, నమ్మకంతో కాదంటే కాంట్.

మనవాళ్ళు తరచూ చేసే ఇంకో పొరపాటు మోడల్ మీద మోడల్ పెట్టడం. తెలుగు క్రియ చివర ఎన్నైనా పేర్చుకుంటూ పోవచ్చు: ‘మాట్లాడగలగాలి’, ‘రావాల్సి ఉండొచ్చు.’ దాన్ని చూసి ‘షుడ్ కెన్ స్పీక్’ అంటారు. ఇంగ్లీషులో రెండు మోడల్స్ పక్కపక్కన కూర్చోవు. రెండోదానికి మారువేషం వెయ్యాలి. కెన్ ఏబుల్ టు అవుతుంది, మస్ట్ హావ్ టు అవుతుంది. ‘షుడ్ బి ఏబుల్ టు స్పీక్’, ‘మే హావ్ టు కమ్.’ మోడల్ తర్వాత వచ్చే క్రియ వట్టిగా ఉండాలి, చివర ఎస్ గానీ ముందు టు గానీ ఉండకూడదు. ‘షి కెన్ సింగ్స్’, ‘మస్ట్ టు గో’ రెండూ తప్పులే.

అడిగినవారు:
సర్, ఇంత ఓపికగా చెప్పినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ‘గల’ దగ్గర ఒకటి అడగనా? గతంలో సామర్థ్యానికి కుడ్ అన్నారు పుస్తకంలో. మరి ‘పరిగెత్తి బస్సు అందుకోగలిగాను’ అంటే ‘ఐ కుడ్ క్యాచ్ ది బస్’ అనొచ్చా?

ఇంగ్లీషు టీచర్:
అక్కడ ‘ఐ వాజ్ ఏబుల్ టు క్యాచ్ ది బస్’ అనండి. తెలుగులో తేడా ఇదిగో: ‘చిన్నప్పుడు చెట్లు ఎక్కగలిగేదాన్ని’, ‘నిన్న బస్సు అందుకోగలిగాను.’ ‘గలిగేదాన్ని’ అంటే ఎప్పుడూ ఉన్న శక్తి, కుడ్. ‘గలిగాను’ అంటే ఒకసారి సాధించిన పని, వాజ్ ఏబుల్ టు. కాదన్నప్పుడు ఈ గొడవ లేదు, రెండింటికీ కుడ్‌నాట్ సరిపోతుంది.

ఇప్పుడు సాధన. ఖాళీలు పూరించే పుస్తకం వారం రోజులు పక్కన పెట్టండి. ఖాళీ ఉంటే అక్కడేదో పెట్టాలని పుస్తకమే గుర్తు చేస్తుంది. మాట్లాడేటప్పుడు ఎవరూ గుర్తు చెయ్యరు. బల్ల మీద ఉన్న రెండు వస్తువులు చూడండి, రెండు పుస్తకాలనుకోండి. ముట్టుకోకుండా ఊహించి పైకి చెప్పండి: ‘ది బ్లూ వన్ మైట్ బి హెవియర్.’ ఒకటి చేత్తో పైకెత్తండి, నమ్మకం పెరిగితే మాట మార్చండి: ‘ఇట్ మస్ట్ బి హెవియర్.’ రెండోది కూడా ఎత్తండి: ‘ఇట్ ఈజ్ హెవియర్’, లేదా ‘ఇట్ ఈజ్ నాట్ యాజ్ హెవీ యాజ్ ఐ థాట్.’ బరువుకి నిజంగా చెయ్యి కిందికి లాగుతున్నప్పుడు చెప్పిన వాక్యం మనసులో ఉండిపోతుంది. మైట్, మస్ట్, ఈజ్ మెట్లు మెట్లుగా ఎక్కుతాయి, కంపారిటివ్ వాటితోనే వస్తుంది. రోజుకి ఐదు జతలు చాలు. పైకి మాత్రం చెప్పాలి, మనసులో అనుకుంటే లాభం లేదు.

అడిగినవారు (వారం తర్వాత):
సర్ చెప్పినట్టే చేశాను. మొదటి రెండు రోజులు ‘హెవీ దాన్’ అనే వచ్చింది, మూడో రోజు నుంచి నోరు దానంతటదే సర్దుకుంది. ఇవి నేను సొంతంగా రాసిన వాక్యాలు, దిద్దండి.

దిస్ బ్యాగ్ మస్ట్ బి హెవియర్ దాన్ దట్ వన్.
ది రెడ్ బుక్ మైట్ బి థిన్నర్, బట్ ఇట్ ఈజ్ మోర్ యూజ్‌ఫుల్.
ఐ షుడ్ హావ్ స్టార్టెడ్ ఎర్లియర్.
వీ మే హావ్ టు వెయిట్ లాంగర్.
మై హ్యాండ్‌రైటింగ్ ఈజ్ బెటర్ దాన్ మై బ్రదర్.

ఇంగ్లీషు టీచర్:
మొదటి నాలుగూ దిద్దడానికి ఏమీ లేదమ్మా. నాలుగోది చూసి చాలా సంతోషం వేసింది, మారువేషం చక్కగా వేశారు. థిన్నర్ రాసేటప్పుడు రెండు ఎన్‌లు పడాలి, బిగ్గర్‌లో రెండు జీలు, హాటర్‌లో రెండు టీలు పడినట్టే.

ఐదో వాక్యంలో మీ చేతిరాతని తీసుకెళ్ళి మీ తమ్ముడితో పోల్చారు. ‘తమ్ముడి కంటే నా రాత బాగుంటుంది’ అని తెలుగులో అనేస్తాం, వినేవాళ్ళు సర్దుకుంటారు. ఇంగ్లీషులో రాతని రాతతోనే పోల్చాలి. బ్రదర్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టి ఎస్ చేర్చండి: ‘బెటర్ దాన్ మై బ్రదర్స్.’ రేపటి ఐదు జతల్లో రెండు ఇలాంటివి పెట్టుకోండి, మీ గొంతు, ఇంకొకరి గొంతు; మీ గది, ఇంకొకరి గది.