పదేళ్లు దాటిన బీఎండబ్ల్యూనో, బెంజో రోజువారీ వాడకానికి కొనొచ్చా?

సండే డ్రైవర్
కొత్త హ్యాచ్‌బ్యాక్ బేస్ మోడల్‌కి పెట్టే డబ్బుతోనే 2012 మోడల్ బీఎండబ్ల్యూ 520డి ఒకటి, 2013 మెర్సిడెస్ ఈ క్లాస్ డీజిల్ ఒకటి దొరుకుతున్నాయి. రెండూ లక్ష కిలోమీటర్లు దాటినవే. కొంటే ఇంట్లో ఇదొక్కటే కారు. ఆఫీసుకి పోనూ రానూ 30 కిలోమీటర్లు, సగం దారి ట్రాఫిక్కే.

నా వాదన ఇది. తరుగుదలలో పెద్ద భాగం మొదటి ఓనరు భరించేశాడు. ఆ సీట్లు, లోపల ఆ నిశ్శబ్దం, హైవే మీద ఆ నిలకడ బేస్ హ్యాచ్‌బ్యాక్‌లో ఎక్కడొస్తాయి? ఇంట్లో మాత్రం "ఎవరో వదిలించుకున్న తలనొప్పిని మనమెందుకు కొనుక్కోవాలి" అంటున్నారు. ఎవరు రైటో మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కల పంతులు
ఇంట్లో వాళ్లే.

పడిపోయింది కారు ధర. పార్టుల ధర కాదు. హెడ్‌లైటు, ఇంజెక్టరు, టర్బో, షాకబ్జార్బరు, అన్నీ ఆ కారు కొత్తగా ఉన్నప్పటి హోదాకి తగ్గ రేటులోనే ఉంటాయి. అందులో రెండు ఒకే ఏడాది పోయాయంటే మీరు కొన్న ధరలో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది. ఆ ఖర్చు తిరిగి అమ్మేటప్పుడు రాదు కూడా. "టర్బో కొత్తది వేయించానండీ" అంటే కొనేవాడు సంతోషించడు, "ఓహో, దీనికి టర్బో పోయిందా" అంటాడు.

ఎవరూ ఆలోచించనిది ఇంకోటి ఉంది, ఇన్సూరెన్స్. కారు విలువ బాగా తగ్గి, పార్టుల రేట్లు మాత్రం అలాగే ఉన్నప్పుడు ఓ మోస్తరు యాక్సిడెంట్‌కే రిపేరు ఖర్చు కారు విలువకి దగ్గరైపోతుంది. హెడ్‌లైటు, బంపరు, రేడియేటరు, రెండు ఎయిర్‌బ్యాగులు పోతే చాలు, టోటల్ లాస్ అని రాసేస్తారు. చిన్న కారైతే అదే దెబ్బకి వర్క్‌షాపుకెళ్లి తిరిగి వస్తుంది.

గ్రే వ్యాగన్
పంతులు గారూ, మీ లెక్క కరెక్టే గానీ మీరు వేసింది షోరూం రేట్లతో.

నాది ఈ60 తరం బీఎండబ్ల్యూ 5 సిరీస్, 530ఐ, ఎన్52 అనే ఇంజిన్. టర్బో లేదు, డైరెక్ట్ ఇంజెక్షన్ లేదు, వరుసగా ఆరు సిలిండర్ల సాదా పెట్రోలు ఇంజిన్. ఏళ్లుగా రోజూ తిప్పుతున్నాను. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు బెల్టుతో కాదు, కరెంటుతో తిరుగుతుంది. పోయే ముందు చప్పుడు చేసి చెప్పదు కాబట్టి పోకముందే థర్మోస్టాట్‌తో కలిపి మార్పించేశాను. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కారు కంపెనీ అంటుంది. ఆ గేర్‌బాక్స్ తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను తయారు చేసినవాడి మాట విన్నాను.

ఇక పార్టులు. బాక్సు మీద కారు కంపెనీ ముద్ర ఉంటే ఒక రేటు, అదే సరుకు దాన్ని తయారు చేసే లెమ్‌ఫోర్డర్, మాలే, బాష్ లాంటివాళ్ల పేరుతో వస్తే ఇంకో రేటు. లెమ్‌ఫోర్డర్ కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీ) చేతిలోకి తీసుకుని చూడండి, బీఎండబ్ల్యూ గుర్తు ఉండాల్సిన చోట గ్రైండర్‌తో గీకేసిన మచ్చ కనిపిస్తుంది. ఇనుము అదే, అచ్చు అదే. ఈ తేడా తెలిసినవాడు తిప్పుకోగలడు. ప్రతి చిన్నదానికీ షోరూంకి పరిగెత్తేవాడు మాత్రం ఈ కార్ల జోలికి రాకూడదు.

షెడ్డు బాబాయి
నేను రోజూ విప్పేది ఇవే. "లగ్జరీ కార్లు" అని గుత్తగా మాట్లాడుకుంటే లాభం లేదు. ఇంజిన్ ఏది, సంవత్సరం ఏది, అది చెప్పాలి.

2012 520డి అంటే ఎన్47 అనే డీజిల్ ఇంజిన్. దీని టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) ఇంజిన్ వెనకవైపు, గేర్‌బాక్సుని ఆనుకుని ఉంటుంది. దాన్ని చేరాలంటే గేర్‌బాక్సో ఇంజినో దించాల్సిందే. చైన్ ధర కంటే దించి ఎక్కించే కూలీయే ఎక్కువ. 2007 నుంచి 2011 దాకా వచ్చినవాటికి ఈ గొడవ బాగా పేరుపడింది. 2012ది కాస్త నయమే గానీ వినకుండా మాత్రం కొనొద్దు. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి. ముందు గ్రిల్ దగ్గర కాదు, విండ్‌షీల్డ్ మొదట్లో నిలబడి వినండి. గొలుసు రేకుకి రాసుకుంటున్నట్టు గరగరమంటే ఇంటికొచ్చేయండి. మీరెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉందా? అమ్మేవాడు పొద్దున్నే ఎందుకు స్టార్ట్ చేశాడో ఆలోచించుకోండి.

ఈజీఆర్ కూలర్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ముందు చల్లార్చేది) సంగతి కూడా అడగండి. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరుసగా తగలబడ్డాయి, వాటిలో 520డిలే ఎక్కువ. కూలర్ లీకై కూలెంట్ లోపలికి కారుతుంది, మసితో కలిసి గడ్డకడుతుంది, వేడి ఎగ్జాస్ట్ తగిలి అంటుకుంటుంది. అదే ఏడాది ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లు రీకాల్ చేశారు, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచారు. మీరు చూస్తున్న కారుకి ఆ పని జరిగిందో లేదో చాసిస్ నంబరు ఇస్తే షోరూం వాళ్లు చెప్తారు. ఇది ఫోన్‌లో తేలిపోయే విషయం, ముందు ఇది కానివ్వండి.

ఈ క్లాస్‌ది ఓఎం651 అనే డీజిల్ ఇంజిన్ అయ్యుంటుంది. మొదట్లో వచ్చిన పీజో రకం ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చల్లేవి) ఇబ్బంది పెట్టాయి, తర్వాత సోలనాయిడ్ (విద్యుదయస్కాంతంతో పనిచేసే) రకానికి మారారు. 2013ది ఆ గండం దాటిందే. ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి తిత్తులు, ఉందా మరి?

సండే డ్రైవర్
ఎయిర్‌మ్యాటిక్ ఉందట బాబాయ్ గారూ. అమ్మేవాళ్లు అదే పెద్ద ప్లస్ పాయింట్‌గా చెప్తున్నారు.

షెడ్డు బాబాయి
నడిచినన్నాళ్లూ ప్లస్సే. వయసు మీద పడితే గాలి తిత్తుల రబ్బరు మడతల దగ్గర పగులుతుంది, గాలి కొంచెం కొంచెంగా పోతుంది. అది కంపెనీ లోపం కాదు, రబ్బరు స్వభావం. పోయిన గాలి నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. అంటే లీకుని పట్టించుకోనివాడు రెండు బిల్లులు కడతాడు. సాయంత్రం నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి, తెల్లారి మళ్లీ కొలవండి. ఏ మూల దిగిందో అదే చెప్తుంది.

రెండో తాళం
అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఆయన అడిగింది రోజూ నడిపే కారు గురించి. పైగా ఇంట్లో ఇంకో కారు లేదు. నా దృష్టిలో చర్చ అక్కడే తేలిపోవాలి.

మా ఇంట్లోనూ ఒక పాత లగ్జరీ సెడాన్ ఉంది, బ్రాండు పేరు ఎందుకులెండి. సన్‌రూఫ్‌లో పడ్డ వాన నీళ్లు బయటికి పోవడానికి మూలల్లో సన్న గొట్టాలుంటాయి. అందులో ఒకటి ఆకులు, దుమ్ముతో మూసుకుపోయింది. నీళ్లు పిల్లర్ లోంచి కార్పెట్ కిందికి దిగాయి. పైన తడి తెలియలేదు, కింద స్పాంజి మాత్రం నానిపోయి ఉంది. అక్కడే ఒక కంట్రోల్ మాడ్యూల్, కారు ఎలక్ట్రానిక్స్ నడిపే పెట్టె. ఒకరోజు పొద్దున తాళం తీస్తే కారు పలకలేదు. మాడ్యూల్ తీసి కొత్తది పెట్టడం పెద్ద పనేం కాదు. కానీ ఆ మాడ్యూల్ తెప్పించాలి, వచ్చాక దాన్ని కారుకి కోడింగ్ చేయాలి, కోడింగ్ చేయగలిగిన మనిషి మనకి ఖాళీ ఇవ్వాలి. ఇంట్లో ఇంకో కారు ఉంది కాబట్టి నేను టెన్షన్ పడలేదు. లేకపోతే బిల్లు కంటే ఆ ఎదురుచూపే ఎక్కువ ఏడిపించేది.

చిన్న కారుకి పార్టు ఏ షాపులోనైనా ఉంటుంది, ఏ మెకానిక్ అయినా బిగిస్తాడు. రోజూ నడిపే కారుకి ఉండాల్సిన మొదటి గుణం అది. పాత లగ్జరీ కారు రెండో కారుగా అయితే నిశ్చింతగా కొనండి, నేనే పక్కనుండి కొనిపిస్తాను. ఒక్కగానొక్క కారుగా మాత్రం వద్దు.

గ్రే వ్యాగన్
ఆ డ్రైన్ గొట్టాలు ఏడాదికోసారి శుభ్రం చేయిస్తే అదంతా జరగదు కదండీ? హఠాత్తుగా పోయాయని జనం చెప్పేవాటిలో చాలావరకు ముందే తెలిసిపోయేవే. బ్యాటరీ, కూలెంట్ గొట్టాల ప్లాస్టిక్ కనెక్టర్లు, రబ్బరు బుష్‌లు, వీటన్నిటికీ ఒక వయసుంటుంది. కారు కొన్న నెలలోనే ఇవి మార్పించేస్తే సగం గొడవ ఉండదు. కొన్న ధరలో మూడో వంతు పక్కన పెట్టుకోగలిగితేనే కొనమంటాను నేనైతే. రేపు పొద్దున లారీ ఏదైనా వెనకనుంచి తగిలితే మీరు ఏ కారులో ఉండాలనుకుంటారు, బేస్ హ్యాచ్‌బ్యాక్‌లోనా?

సీటు బెల్టు
సేఫ్టీ మాట వచ్చింది కాబట్టి. బరువైన కారు, గట్టి బాడీ, ఒప్పుకుంటాను. కానీ ఒకప్పుడు ఉన్నంత తేడా ఇప్పుడు లేదు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ (కారు అదుపు తప్పి జారుతుంటే తానే బ్రేకులేసి నిలబెట్టేది) 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కూపేతో వచ్చినప్పుడు అది గొప్పవాళ్ల సౌకర్యం. 2014 నాటికి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. మీరు చూస్తున్న హ్యాచ్‌బ్యాక్‌లో అది ఉందో లేదో, క్రాష్ టెస్ట్‌లో దానికి ఎన్ని స్టార్లు వచ్చాయో చూసి పోల్చండి, బ్యాడ్జి చూసి కాదు.

పాత కారు సేఫ్టీ దాని కండిషన్‌ని బట్టే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. గాడులు నిండుగా ఉన్నా ఆ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వానలో బ్రేకు కొడితే తెలుస్తుంది. ఎయిర్‌బ్యాగుల విషయంలో వాటిని తయారు చేసిన టకాటా కంపెనీ రీకాల్ పని జరిగిందో లేదో చూసుకోండి, లగ్జరీ బ్రాండ్ల కార్లూ అందులో ఉన్నాయి. వేడికి, తేమకి ఏళ్ల తరబడి గురైన ఇన్‌ఫ్లేటర్ (బ్యాగుని ఉబ్బించే డబ్బా) బ్యాగుని విప్పడానికి బదులు తానే పేలి లోహపు ముక్కలు విసురుతుంది. మార్చడం ఉచితం. చేయించని కార్లు ఇంకా తిరుగుతున్నాయి.

లెక్సస్ పిచ్చి
ఇంతసేపూ జర్మనీ దాటి ఎవరూ బయటికి రారేం? 1989లో టొయోటా వాళ్ల లగ్జరీ బ్రాండు లెక్సస్ నుంచి ఎల్‌ఎస్ 400 వచ్చినప్పటినుంచీ ఇదే కథ. పాత లెక్సస్ ఈఎస్ కొనండి. లోపలున్న ఇంజిన్, గేర్‌బాక్స్ చాలామటుకు టొయోటా క్యామ్రీవే. మెత్తటి సీట్లు, నిశ్శబ్దం, మామూలు కారు పార్టులు. చర్చ ముగిసింది.

గ్రే వ్యాగన్
నడుపుతున్న ఫీలింగే ఉండదు దాంట్లో. సోఫాలో కూర్చున్నట్టే.

లెక్సస్ పిచ్చి
సగం దారి ట్రాఫిక్‌లో ఉండే మనిషికి కావాల్సింది సోఫానే కదన్నా.

లెక్కల పంతులు
లెక్సస్ విషయంలో ఒప్పుకుంటాను. అయితే పాత లెక్సస్ పాత జర్మన్ కారంత చౌకగా దొరకదు. మంచివాటికి గిరాకీ తగ్గదు. నేను మొదట్నుంచీ అంటున్నది అదే. రేటు అంతలా ఎందుకు పడిందో అమ్మేవాడికీ కొనేవాడికీ తెలుసు, రాబోయే రిపేర్లు అందులో ముందే తీసేశారు. అది మీకు డిస్కౌంటులా కనిపిస్తోంది. నిజానికి మీరు కట్టాల్సిన బాకీ అది, వాయిదా మీద ఉందంతే.

తోకచుక్క
కారు కొంటున్నారా, పెళ్లి సంబంధం చూస్తున్నారా? ఇన్ని ఎంక్వైరీలు!

షెడ్డు బాబాయి
పెళ్లికొడుక్కి స్కానర్ పెట్టలేం గదా నాయనా. దీనికి పెట్టొచ్చు.

సండే గారూ, కారు కంప్యూటర్‌కి స్కానర్ పెట్టి "ఎర్రర్ కోడ్స్ ఏమీ లేవు" అని చూపిస్తే పొంగిపోకండి. వెళ్లే ముందు కోడ్స్ చెరిపేయడం నిమిషం పని. రెడీనెస్ మానిటర్లు చూడండి, కారు తన పొగ నియంత్రణ భాగాలని తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి అవి. కోడ్స్ చెరిపినప్పుడు అవి కూడా సున్నాకి వస్తాయి, మళ్లీ పూర్తి కావాలంటే రకరకాలుగా కొంత దూరం నడపాలి. కోడ్స్ లేవు, మానిటర్లు కూడా పూర్తి కాలేదు అంటే ఈమధ్యే ఎవరో తుడిచినట్టు.

అసలు డీజిలే మీ దారికి సరిపడదు, ఇది ముందే చెప్పాల్సింది. సైలెన్సర్ దారిలో ఉండే పార్టిక్యులేట్ ఫిల్టర్ మసి పట్టుకుంటుంది. అది కాలిపోవాలంటే ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీలకి వేడెక్కాలి, అది కాసేపు ఆగకుండా నడిపితేనే అవుతుంది. మీరు పదిహేను కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ వెళ్లి ఇంజిన్ ఆపేస్తారు, కాలడం మధ్యలో ఆగిపోతుంది. పదేపదే ఇలా జరిగితే అందుకోసం అదనంగా చల్లిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అదే కారణం. డిప్‌స్టిక్ లేని కార్లలో స్క్రీన్ మీద చూసుకోవాలి. ఏ బ్రాండు డీజిలైనా ఇంతే. పెట్రోలు చూసుకోండి.

సండే డ్రైవర్
రెండూ చూసొచ్చాను. ఈ క్లాస్ వెనక ఎడమ మూల తెల్లారేసరికి రెండు వేళ్ల మేర దిగి ఉంది. "చలికి అలా అవుతుంది సార్" అన్నారు, వదిలేశాను. 520డికి ఈజీఆర్ రీకాల్ పని అయిపోయింది, పొద్దున స్టార్టింగ్ కూడా చప్పుడు లేకుండా అయింది. కోడ్స్ లేవు. కానీ మానిటర్లలో సగం పూర్తి కాలేదు. పోయిన వారం బ్యాటరీ మార్చామని, అందుకే అలా ఉందని ఓనరు అంటున్నారు. నమ్మొచ్చా?

గ్రే వ్యాగన్
అవ్వొచ్చు. బ్యాటరీ వైరు తీసినా మానిటర్లు రీసెట్ కావొచ్చు. అంతమాత్రాన దొంగ అనలేం.

రెండో తాళం
బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ పెడితే కారుకి రిజిస్టర్ చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జ్ చేస్తుంది. ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో కారు కంప్యూటర్‌లో నమోదవుతుంది. సరైన స్కానర్‌తో అది చదివించండి.

షెడ్డు బాబాయి
రైటు. రిజిస్టర్ చేయలేదంటే మూడు రోజులు నడిపి మళ్లీ చూపించమనండి. మాట నిజమైతే అభ్యంతరం ఎందుకుంటుంది.

సండే డ్రైవర్
రిజిస్టర్ చేయలేదట. మళ్లీ స్కాన్ అన్నానో లేదో, "వేరే పార్టీ రెడీగా ఉంది, రేపటికల్లా చెప్పండి" అన్నారు. ఆ పార్టీకే ఇచ్చేయమన్నాను.

ఎవరికైనా ఎన్52 ఉన్న పెట్రోలు 5 సిరీస్ అమ్మకానికి కనబడితే చెప్పండి.

రెండో తాళం
ఒక్క కారుగానేనా ఇంకా?

సండే డ్రైవర్
లేదండీ. ముందు ఆఫీసుకి పాత చిన్న కారు ఒకటి చూస్తున్నాను, 5 సిరీస్ దాని తర్వాత. ఈ రెండో సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

లెక్కల పంతులు
చెప్పేటప్పుడు నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి.