ఇంట్లో మల్లె అత్తరు: ఆవిరి పద్ధతి పనికివస్తుందా?

మరువం: మల్లెలను కుక్కర్‌లో మరిగించి, ఆవిరి పట్టి అత్తరు తీశామనే వీడియోలను నమ్మకండి, ఆ వేడికి మిగిలేది ఉడికిన ఆకు వాసనే. కోసిన తరువాత కూడా మల్లెమొగ్గ రాత్రంతా పరిమళం వదులుతూనే ఉంటుంది కనుక, పొట్టు తీసిన నువ్వుల మీద సాయంత్రం మొగ్గలు పరిచి, ఉదయం వాడిన పూలు ఏరివేసి, మళ్ళీ కొత్తవి పరుస్తూ కొన్నాళ్ళు సాగించి, ఆ నువ్వులను గానుగ ఆడించడమే సరైన పద్ధతి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్, గాజీపూర్‌ల పూలనూనెలు అలా వచ్చినవే.

దివిటీ: ఆవిరితో మల్లె రాదనడం తప్పు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో మల్లెలను డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీటితో కాచి, ఆవిరిని వెదురు గొట్టం గుండా నీళ్ళతొట్టిలో ఉంచిన భప్కాలోకి, అంటే ఆవిరి చల్లబడి చేరే పాత్రలోకి, పంపి అత్తరు తీస్తున్నారు. ఆ ఊరి అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మరువం: ఆ భప్కాలో ముందుగానే చందన తైలం పోసి ఉంటారన్న సంగతి ఎందుకు దాటవేశారు? పరిమళాన్ని పట్టి నిలిపేది అదే. కుక్కర్‌కు గొట్టం తగిలించినవారికి అది ఎక్కడిది?

దివిటీ: మీరు అన్నది వేడికి వాసన చెడుతుందని. ఇప్పుడు మాటను చందనం మీదికి మళ్ళించారు.

సన్నజాజి: తడి ఆరని పూలను నూనెలో వేస్తే బూజు పడుతుందని ఇద్దరూ చెప్పలేదు.

నీలవేణి: ఒక ప్రదర్శనలో ‘రసాయనాలు లేనిది’ అని అమ్మిన నిమ్మతొక్క అత్తరును మెడకు రాసుకొని ఎండలోకి వెళ్ళాను. రాసుకున్న మేర చర్మం కమిలి, నల్లని చారలు నెలల తరబడి ఉండిపోయాయి. తొక్క పిండిన నూనెలో సహజంగా ఉండే ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలకు ఎండ తగిలితే అంతేనని వైద్యురాలు చెప్పారు.

మరువం: మల్లెకూ నిమ్మకూ సంబంధం ఏమిటి? మా అమ్మమ్మ జీవితాంతం పూలనూనె రాసుకున్నారు.

దివిటీ: సంబంధం ఉంది. ఈ చర్చావేదిక అమ్మకాల విభాగంలోనే మీ పూలనూనె సీసాకు ‘పూర్తిగా సహజం, ఎవరికైనా సురక్షితం’ అని రాసి వెల పెట్టారు. ఇంట్లో వాడుకొనేవారితో నాకు తగాదా లేదు. అమ్మేందుకు చేస్తే 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి, సీసా మీద దినుసులు రాయాలి.

మరువం: చందనానికి బదులు లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ నూనె పోసి ‘అసలు అత్తరు’ అని అమ్మేవారిని ఏ లైసెన్సు ఆపింది? ఇంట్లో నాలుగు సీసాలు చేసుకొనే ఆడవాళ్ళ దగ్గరే మీకు నియమాలు గుర్తుకొస్తాయి.

దివిటీ: వారినీ అడుగుతాను. ముందు మీరు ‘ఎవరికైనా సురక్షితం’ అన్న మాట తీసివేస్తారా, లేదా?

మరువం: నువ్వులు పడనివారు ఉంటారు కనుక ‘నువ్వుల నూనె’ అని చేరుస్తాను. ఉన్న మాట మాత్రం తీయను.