20 ఏళ్ల బరోలో వైన్‌కి తోడుగా ఏం వండాలి?

మేముండేది ఇటలీలోని టూరిన్‌లో. మా ఇంటి ఓనర్ పెద్దాయన తన సెల్లార్‌లో ఇన్నేళ్లూ పడుకోబెట్టి ఉంచిన 2004 నాటి బరోలో (ఇక్కడి రెడ్ వైన్) సీసా ఒకటి మా చేతిలో పెట్టారు, ఆదివారం ఆయన్నే భోజనానికి పిలిచాం. అడుగున మడ్డి ఉంటుందని నిన్ననే సీసా నిలబెట్టాను.

ఇక్కడివాళ్లయితే బ్రజాటో అని గొడ్డుమాంసాన్ని వైన్‌లోనే గంటలకొద్దీ ఉడికిస్తారు, అది మా ఇంట్లో వండరు. బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్ష అసలే వగరు, పులుపు. ఓసారి గోంగూర మటన్‌తో తాగితే నోరంతా పీక్కుపోయింది! అందుకే ఈసారి పచ్చిమిర్చి, చింతపండు లేకుండా మిరియాలు వేసి మటన్ సన్నమంట మీద వండుదామనుకుంటున్నా. సరిపోతుందా, లేక పుట్టగొడుగుల రిసోట్టో (ఇటాలియన్ అన్నం వంటకం) నయమా?

ఇంకోటి, ఇంత పాతదాన్ని గంట ముందే డికాంటర్‌లో (వైన్ వంపుకునే గాజు పాత్ర) పోస్తే వాసన పోతుందా? కార్క్ విరిగితే ఎలా? ఆయన ముందు పరువు పోతుందని టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.