రష్యన్ సింఫనీలు, ఒపెరాలు: పాత రికార్డింగుల్లో ఏవి ముందు వినాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
నమస్కారం. మా నాన్నగారు సోవియట్ పుస్తకాల ప్రదర్శనల్లో కొని దాచిన మెలోడియా (సోవియట్ రికార్డు సంస్థ) ఎల్పీల వల్ల నాకు చైకోవ్‌స్కీ సంగీతం మీద ఇష్టం కలిగింది. ఇప్పుడు ఆయన ఆరవ సింఫనీని, ముస్సోర్గ్‌స్కీ ఒపెరా 'బోరిస్ గొదునోవ్'ను శ్రద్ధగా వినాలనుకుంటున్నాను. స్టీరియో రాకముందు మోనోలో (ధ్వనంతా ఒకే మార్గంలో) చేసిన రికార్డింగులు ఈనాటికీ వినదగ్గవేనా, లేక కొత్తవాటితో మొదలుపెట్టడం మేలా? నాకు రష్యన్ భాష రాదు.

జవాబు (కరీంనగర్ నుంచి):
సింఫనీకి మాత్రం స్టీరియోనే ఎంచుకోండి. లెనిన్‌గ్రాద్ ఫిల్హార్మొనిక్ వాద్యబృందాన్ని 1938 నుంచి 1988లో కన్నుమూసేదాకా నడిపిన యెవ్గేనీ మ్రవీన్‌స్కీ, 1960లో ఆ బృందంతో విదేశీ పర్యటనలో ఉండగా డాయిచె గ్రామోఫోన్ సంస్థకు చేసిన రికార్డింగు నా దృష్టిలో అన్నింటికన్నా మిన్న. చివరి భాగం మొదట్లో వినిపించే బాణీని చైకోవ్‌స్కీ మొదటి వయొలిన్లకు ఒక స్వరం, రెండో వయొలిన్లకు మరో స్వరం చొప్పున పంచి రాశారు కనుక, మన చెవికి చేరే బాణీని ఆ రెండింటిలో ఏ వర్గమూ పూర్తిగా వాయించదు. మ్రవీన్‌స్కీ మొదటి వయొలిన్లను ఎడమన, రెండోవాటిని కుడిన కూర్చోబెట్టేవారు. హెడ్‌ఫోన్లు పెట్టుకొని వింటే ఆ దుఃఖం అటూ ఇటూ ఊగడం తెలుస్తుంది. మోనోలో అది అందదు.

జవాబు (వరంగల్ నుంచి):
ఒపెరా విషయంలో గాయకుడికన్నా ముందు ఏ పాఠమో చూసుకోవాలి. ముస్సోర్గ్‌స్కీ 1869లో ముగించిన తొలి రూపాన్ని రాజనాటకశాల తిరస్కరించగా, ఆయన పోలండ్ అంకాన్ని చేర్చి 1872లో తిరగరాశారు. అది 1874లో ప్రదర్శితమైంది. ఆయన మరణానంతరం సాటి స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ వాద్యరచనను మెరుగులు దిద్ది, చివరి రెండు దృశ్యాలనూ తారుమారు చేశారు. అందుకే ఆ పాఠం రాజు బోరిస్ మరణంతో ముగుస్తుంది, ముస్సోర్గ్‌స్కీ తిరగరాసిన పాఠం మాత్రం రష్యా గతిని తలచి ఏడ్చే వెర్రిబైరాగి పాటతో ముగుస్తుంది. నాకు ఈ రెండో ముగింపే గుండెకు తగులుతుంది. పట్టాభిషేకపు గంటల్లో రెండే రెండు కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మార్చి మార్చి మోగుతాయి. అవి మూలంలో మొరటుగా, బరువుగా ఉంటాయి. మూలరచన కోసం సంగీత నిర్వాహకుడు క్లాడియో అబ్బాడో 1993 రికార్డింగు వినండి. 1869, 1872 పాఠాలు రెండూ పోల్చుకోవాలంటే 1997లో గెర్గియెవ్ మరీన్‌స్కీ బృందంతో చేసినది ఉంది. అయినా బోరిస్ క్రిస్టోవ్ పాడిన 1952 నాటి మోనో రికార్డింగును, అది రిమ్‌స్కీ-కోర్సకోవ్ పాఠమే అయినా, వదులుకోవద్దు.

జవాబు (మంచిర్యాల నుంచి):
పై మిత్రులు చెప్పిన క్రిస్టోవ్ గొప్ప గాయకుడే, కానీ అందులో ఆయనే రాజు బోరిస్, ముసలి సన్యాసి పిమెన్, తిరుగుబోతు సన్యాసి వర్లామ్ పాత్రలు మూడూ పాడారు. మరణదృశ్యంలో పిమెన్ చెప్పిన కథ విని బోరిస్ కుప్పకూలుతాడు. రెండు గొంతులూ ఒకరివే కావడంతో, భాష రానివారికి ఎవరు పాడుతున్నారో అర్థం కావడం కష్టం. ముందుగా అబ్బాడోది విని, తర్వాత దానికి రండి. మోనో మీద సందేహం తీరాలంటే 1950ల మధ్యలో బొల్షోయ్ బృందంతో బోరిస్ ఖైకిన్ చేసిన చైకోవ్‌స్కీ ఒపెరా 'యెవ్గేనీ ఒనేగిన్' వినండి. అప్పటికే యాభై దాటిన గాయకుడు లెమెషెవ్ కవి లెన్‌స్కీ పాత్రలో పాడుతుంటే కుర్రకవి గొంతే వినిపిస్తుంది. అందులోనే గాయని విష్నెవ్‌స్కాయ పాడిన, నాయిక తత్యానా ఉత్తరం రాసే దృశ్యాన్ని ఆంగ్లానువాదం పక్కన పెట్టుకొని ఒక్కో వరుసా చదువుతూ వినండి.