రెండుసార్లు రెండో స్థానం: శ్రీనిధి డెక్కన్‌ను మన టీమ్ అనుకోవచ్చా? (హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ మీద అభిమానుల చర్చ; ఒక్కో రాత పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు)

గచ్చిబౌలి పాత సీటు

హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి దేశంలో పై లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన టీమ్ అది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోర్ సమం చేశాడు, తర్వాత షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు. మూడేళ్లు తిరిగేసరికి ఊరూ మారింది, పేరూ మారింది.

ఇప్పుడు దోస్తులందరూ ఒకటే మాట: "శ్రీనిధి డెక్కన్ ఉంది కదా, ఇక అదే మన టీమ్." నేను ఒప్పుకోను. ఐఎస్‌ఎల్ కింద రెండో అంచె లీగ్ అయిన ఐ-లీగ్‌లో శ్రీనిధికి 2021-22లో మూడో స్థానం, 2022-23లో రెండు, 2023-24లో మళ్లీ రెండు. చదవడానికి బాగుంది. కానీ పై లీగ్‌కు పోయేది మొదటి స్థానంలో ఉన్నోళ్లే. ఒకసారి రౌండ్‌గ్లాస్ పంజాబ్ పోయింది, ఇంకోసారి మహమ్మడన్ స్పోర్టింగ్ పోయింది. మనం రెండుసార్లూ గడప దాకా పోయి వెనక్కొచ్చాం.

అసలు బాధ అది కూడా కాదు. గోల్స్ కొట్టిన డేవిడ్ కాస్తనేడా దేశం కొలంబియా, రిల్వాన్ హసన్‌ది నైజీరియా, ఆ రెండు సీజన్లూ నడిపిన కోచ్ కార్లోస్ వాజ్ పింటోది పోర్చుగల్. మంచి ఆటగాళ్లే, కాదనను. మల్లేపల్లి నుంచో, బొల్లారం నుంచో ఎంతమంది ఆడారు చెప్పండి. మనోళ్లు లేని టీమ్‌కు లెక్కలు కుదరకపోతే మూటాముల్లె సర్దుకోవడం ఎంతసేపు? ఒకసారి చెయ్యి కాలింది నాకు.

చిలుకూరు బస్సు

అన్నా, నువ్వు అజీజ్‌నగర్‌లో, శ్రీనిధి సొంత గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ అయినా చూశావా? చూసుంటే "గడప దాకా పోయి వెనక్కొచ్చారు" అని అంత తేలిగ్గా రాయవు.

2023-24లో 24 మ్యాచ్‌ల తర్వాత మహమ్మడన్‌కు 52 పాయింట్లు, మనకు 48. తేడా నాలుగే. ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో మహమ్మడన్ 2-1తో లాజాంగ్‌ను కొట్టే దాకా టైటిల్ తేలలేదు. ఆ సాయంత్రం నేను ఫోన్ పట్టుకుని మెహదీపట్నం బస్టాప్‌లోనే కూర్చుండిపోయా. లాజాంగ్ ఇంకో గోల్ కొడితే బాగుండని మొక్కుకుంటూ మూడు బస్సులు వదిలేశా.

రెండు లీగ్‌ల టీమ్‌లూ ఆడిన 2023 ఏప్రిల్ సూపర్ కప్ గుర్తు చేస్తా. కోజికోడ్‌లో, వాళ్ల జనం ముందే, కేరళ బ్లాస్టర్స్‌ను 2-0తో కొట్టింది ఈ రెండో అంచె టీమే. ఒక గోల్ రిల్వాన్‌ది, ఒకటి కాస్తనేడాది.

అజీజ్‌నగర్‌లోని ఆ గ్రౌండ్, డెక్కన్ ఎరీనా గురించి కూడా చెప్తా. మెహదీపట్నంలో బస్సెక్కి లంగర్‌హౌస్, అప్పా జంక్షన్ దాటి పోవాలి. చిన్న గ్రౌండ్. గచ్చిబౌలిలో కూర్చుంటే ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనబడతారు. ఇక్కడ గోల్‌కీపర్ తన డిఫెండర్‌ను పేరు పెట్టి తిడితే మనకు వినబడుతుంది. కార్నర్ కొట్టే ముందు ఆటగాడు బాల్‌ను రెండుసార్లు తిప్పి, గడ్డిని బూటుతో నొక్కి, చేత్తో సాఫ్ చేసుకోవడం నాకు పది అడుగుల దూరంలో కనబడింది. మా పాప అప్పటిదాకా బాల్ వెంట చూసేది. ఆ రోజు నుంచి కాళ్లు చూస్తోంది.

ఆర్కే బీచ్ నుంచి

హైదరాబాద్ వాళ్లు "మనదా కాదా" అని తేల్చుకోలేకపోతున్నారు. మా సంగతి వినండి. 2020లో దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఈ క్లబ్ బిడ్ ఒప్పుకున్నప్పుడు ఊరు విశాఖపట్నం అనే ప్రకటించారండి. వైజాగ్‌కు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ వస్తుందని ఇక్కడ ఎంతమంది సంబరపడ్డామో మీకు తెలీదు. మొదటి సీజన్ కోవిడ్ వల్ల అందరికీ బెంగాల్‌లోనే జరిగింది, సొంత గ్రౌండ్ అన్నదే లేదు. తర్వాత చూస్తే క్లబ్ అజీజ్‌నగర్‌లో ఉంది.

చేతికొచ్చింది పోతే ఎలా ఉంటుందో మాకూ తెలుసు. మీకు ఇంకా ఉంది కాబట్టి అడుగుతున్నా: ఉన్నప్పుడు స్టాండ్ నింపకుండా, పోయాక ఏడవడం ఏం న్యాయం?

లెక్కల మాస్టారు

మీరందరూ ఆటగాళ్ల మీదా, ఊరి మీదా మాట్లాడుతున్నారు. రెండో అంచె లీగ్‌లో క్లబ్ నడవడం ఎంత కష్టమో ఎవరూ అనడం లేదు.

రెండో అంచె అంటే కింద నుంచి ఎక్కే దారి ఉండాలి, పై నుంచి పడే దారీ ఉండాలి. మన దేశంలో ఐఎస్‌ఎల్ నుంచి కిందికి పడే దారి 2024-25 దాకా లేదు. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ మొత్తంలో ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. కిందికి పడిందా? లేదు. అదే ఏడాది 48 పాయింట్లు తెచ్చుకున్న శ్రీనిధి పైకి ఎక్కిందా? లేదు. ఒకే ఊరి రెండు టీమ్‌లు, ఒకే ఏడాది. ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? ఎక్కడానికి ఒకే సీటు, దిగేవాళ్లు లేరు. అలాంటి చోట రెండో స్థానాన్ని వైఫల్యం అంటే నా మనసు ఒప్పుకోదు.

ఆ ఒక్క సీటు కూడా ఎలా తేలుతుందో 2024-25లో చూశాం. గ్రౌండ్‌లో ఆట ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఇంటర్ కాశీతో మ్యాచ్‌లో నామ్‌ధారి టీమ్ ఆడించకూడని ఆటగాణ్ని ఆడించిందన్న గొడవ మీద ఫెడరేషన్ అప్పీల్ కమిటీ కాశీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, దాంతో పైన చర్చిల్ బ్రదర్స్ నిలిచింది. ఇంటర్ కాశీ స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. జులైలో కాశీయే విజేత అని తేలింది. మూడు నెలల పాటు ఛాంపియన్ ఎవరో తెలియని లీగ్‌లో డబ్బు పెట్టమంటే ఎవరు ముందుకొస్తారు? టీవీ ఆదాయం అంతంతమాత్రం, టికెట్ల మీద వచ్చేదీ తక్కువే. ఖర్చంతా యాజమాన్యం జేబులోంచే. అయినా ఏటా టీమ్ దింపుతున్నారు. దాన్ని నేను గౌరవిస్తా.

గచ్చిబౌలి పాత సీటు

మాస్టారూ, ఒకే ఊరి రెండు టీమ్‌ల పోలిక మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. రెండో స్థానం మీద నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా. నాలుగు పాయింట్లు తక్కువైనందుకు ఆ కుర్రాళ్లను అనడం తప్పే.

కానీ మనోళ్లు ఎక్కడ అన్న మాట అట్లనే ఉంది. జేబులోంచి నడిచే క్లబ్ ఆ జేబు ఖాళీ అయ్యేదాకే. ఊళ్లో వేళ్లు దిగితే కదా నిలబడేది. వైజాగ్ అన్నా, మీ బాధ చదివాక నా భయం ఇంకా పెరిగింది, తగ్గలేదు.

తిరుమలగిరి కోచ్

పొద్దుటి నుంచి చదువుతున్నా. నేను కంటోన్మెంట్ వైపు పిల్లలకు ఆట నేర్పుతా, ముప్పై ఏళ్లకు పైనే అయింది. పాత సీటు తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. జవాబు మాత్రం క్లబ్ ఒక్కదాని దగ్గరే లేదు.

ఈ ఊరు ఏం ఊరో ఒకసారి గుర్తు చేసుకోండి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమ్‌ను తయారుచేసిన రహీం సాబ్ బడి పంతులు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి బంగారు పతకం తెచ్చింది. జకార్తాలో ఆడిన తులసీదాస్ బలరాం మా అమ్ముగూడ పిల్లాడే. అంత దూరం నుంచి ప్రాక్టీస్‌కు రావడానికి డబ్బుల్లేవంటే రహీం సాబే సైకిల్ సంగతి చూసుకున్నారని మా పెద్దలు చెప్పేవారు.

ఆ తర్వాత ఏమైంది? బలరాం కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ కలకత్తా బాటే పట్టారు. పేరు రావాలంటే ఊరు వదలాల్సిందే. ఉన్నవాళ్లకు పోలీస్ ఉద్యోగమో, బ్యాంకు ఉద్యోగమో దొరికితే ఆట సాగేది. ఆ టీమ్‌లు సన్నగిల్లాక మా దగ్గర పదహారేళ్లు నిండిన పిల్లాడికి ముందు దారి కనబడేది కాదు. ఎంత బాగా ఆడేవాడైనా ఇంటర్ ఫెయిలయి డెలివరీ బండి ఎక్కేవాడు. అలా పోయినవాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే నాకు రెండో అంచె క్లబ్ కావాలి. ఐఎస్‌ఎల్ టీమ్ పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని నమ్మి దింపడం అరుదు. రెండో అంచెలో అవకాశం దొరుకుతుంది. బస్సు దూరంలో అలాంటి క్లబ్ ఉంటే పిల్లాడి తల్లి "ఇంకో ఏడాది ఆడనీ" అంటుంది. నాకు కావలసింది ఆ ఒక్క ఏడాదే.

శ్రీనిధిలో మనోళ్లు తక్కువన్నది నిజం. పెరగాలి, అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. కానీ స్టాండ్‌లో కూర్చుని అడిగితే ఒక బరువు, ఫోన్‌లో అడిగితే ఒక బరువు.

చిలుకూరు బస్సు

కోచ్ సాబ్, తర్వాతి మ్యాచ్‌కు మేం నలుగురం పోతున్నం. "తెలంగాణ పిల్లలు ఎక్కడ" అని తెలుగులో, ఉర్దూలో బ్యానర్ రాసుకుని పోతాం. పాత సీటన్నా, రాత నీదే, నీ చేతిరాత బాగుంటది.

గచ్చిబౌలి పాత సీటు

బ్యానర్ రాస్తా. జెర్సీ మాత్రం ఇప్పుడే కొనను. ఒక్క లోకల్ కుర్రాడు మొదటి పదకొండు మందిలో దిగిన రోజు కొంటా, వాడి పేరుతోనే కొంటా.

తిరుమలగిరి కోచ్

అయితే ఆదివారం పొద్దున ఆరు గంటలకు మా గ్రౌండ్‌కు రా తమ్ముడూ. ఇద్దరు పిల్లల్ని చూపిస్తా. ఒకడు ఎడమ కాలితో ఆడతాడు, టచ్‌లైన్ మీద పరుగెత్తుతూ తల ఎత్తి చూసి క్రాస్ వేస్తాడు, నేను చెప్పకుండానే నేర్చాడు. ఇంకొకడు గోల్‌కీపర్, గ్లౌజులు లేకుండానే దూకుతాడు. ఇద్దర్నీ ట్రయల్స్‌కు పంపాలని ఉంది. కంటోన్మెంట్ నుంచి అజీజ్‌నగర్‌కు రెండు బస్సులు మారాలి, తెల్లారేసరికి చేరడం వాళ్లవల్ల కాదు. నీకు కారుందా?